చెవి కోసుకునేంత

మా అత్తయ్యకు నచ్చిన ప్రతిదానికీ ఒకటే మాట ఉండేది. చిక్కటి కాఫీ అంటే చెవి కోసుకుంటాననేది. రేడియోలో వచ్చే పాత పాటలంటే చెవి కోసుకుంటాననేది. నడకలో వంక లేని కుక్క కనబడితే, అది ఎవరి కుక్కయినా సరే, చెవి కోసుకోవడానికి సిద్ధం. ఉన్నవి రెండే చెవులు. కోసుకున్నవి మాత్రం ఈ పదకొండేళ్లలో నేను విన్నవే ఒక బుట్టెడు ఉంటాయి. ఆ బుట్టలో నా వంతుకి ఒక్కటీ లేదని నాకు కచ్చితంగా తెలుసు. ఎందుకంటే నేను చెవులు రిక్కించుకుని వింటూనే ఉన్నాను.

పోటీలకు వెళ్లే డాబర్‌మన్ కుక్కల్ని పెంచడం ఆవిడ పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఆరు గదులు, ఒక్కో గదికీ ఇనుప జాలీ తలుపు, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా పోసిన సిమెంటు గచ్చు. ముందు గదిలో బీరువా నిండా కప్పులు, రిబ్బన్లు. వాటి దుమ్ము తుడవడం నా పనే గాని, అవి గెలిచిన కథలు చెప్పేటప్పుడు నేను ఎక్కడా ఉండను. పోటీల వాళ్లు ఆవిడను వెనకాల 'కొరడా' అనేవాళ్లు. ఎదురుగా మాత్రం అమ్మగారూ, అమ్మగారూ అంటూ చేతులు కట్టుకునేవాళ్లు.

పెళ్లయి వచ్చేనాటికి నాకు కుక్కంటే హడలు. కుక్క వరండాలో ఉంటే నేను వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని నిలబడే రకాన్ని. వారం తిరక్కుండా అత్తయ్య నా చేతిలో గోళ్ల కత్తెర పెట్టి "గోళ్లు" అంది. అంతే. ఎలా పట్టుకోవాలి, ఎంతవరకు తియ్యాలి, కరుస్తుందా కరవదా, ఇవేవీ లేవు. ఆ తరవాత ఆవిడ నాతో మాట్లాడినవన్నీ అలాంటివే. "నీళ్లు" అంటే గచ్చు కడగమని. "పళ్లు" అంటే కుక్క నోరు తెరిచి బ్రష్ చెయ్యమని. "చెవులు" అంటే దూదితో లోపల తుడవమని. ఆవిడ నోట్లోంచి ఒక మాట ఊడిపడితే నాకొక పని తగిలేది. కొన్నాళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, ఆవిడ నోరు తెరవబోతుంటేనే నా చెయ్యి చీపురు మీదికో కత్తెర మీదికో పోయేది.

"మా అమ్మ నీకు బాగా ట్రైనింగ్ ఇచ్చింది," అని మా ఆయన నవ్వేవాడు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఎక్కడెక్కడి లిఫ్టులనో పై అంతస్తుకి చేరుస్తాడు గాని, ఒక గదిలో విన్న మాటను పక్క గదిలోకి చేర్చడం మాత్రం ఆయన వల్ల కాదు. ఈ సంగతి నవ్వుకుంటూ చెప్పుకునే రోజులు ఇప్పుడు పోయాయి.

మూడు తరాలుగా కప్పులు తెచ్చిన వంశంలో మిగిలిన ముసలి ఆడకుక్క ఆఖరుసారి ఈనింది. ఒకటే పిల్ల. పదో రోజుకి తల్లి పోయింది. ఆ పిల్లకు సీసాతో పాలు పట్టింది నేను. దాని ఒళ్లు చూస్తే గుప్పెడు, చెవులు చూస్తే ఒళ్లంత.

"చేటలంత చెవులేసుకుని పుట్టిందేమిటే ఇది!" అంది అత్తయ్య. అప్పటినుంచి దాని పేరు చేట. పోటీ కాగితాల్లో దానికి ఇంకో పొడుగాటి పేరుంది. ఆ పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

డాబర్‌మన్ అంటే అందరికీ నిటారుగా లేచిన చెవులే గుర్తొస్తాయి. అవి పుట్టుకతో వచ్చినవి కావు. ఎనిమిదో వారం దాటాక, పన్నెండు వారాలు నిండేలోపు, మత్తుమందిచ్చి, చెవి అంచును నిలువునా కోసేసి, కుట్లు వేసి, ఆ పైన నెలల తరబడి ప్లాస్టరు చుట్టి నిలబెడితే అప్పుడు నిలబడతాయి. పన్నెండు వారాలు దాటితే చెవి గట్టిపడిపోతుంది, ఇక కోసినా లాభం లేదు. కొయ్యకుండా వదిలేస్తే మామూలు కుక్క చెవుల్లా బుగ్గల మీదికి వాలి ఉంటాయి. పోటీల్లో ఇప్పుడు రెండు రకాలనూ రానిస్తున్నారు. రానివ్వడం వేరు, కప్పు చేతిలో పెట్టడం వేరు.

అత్తయ్య ముప్పయ్యేళ్లలో ఒక్క పిల్లను కూడా వదల్లేదు. నేను వచ్చాక చెవులు కోసిన పిల్లలన్నిటినీ కుక్కల డాక్టరు దగ్గర్నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే. మత్తు దిగేటప్పుడు అవి ఏడ్చే ఏడుపు నాకు తెలుసు. అందుకే ఈసారి నోరు విప్పాను.

"దీనికి వద్దు అత్తయ్యా. తల్లి లేని పిల్ల. చెవులన్నా ఉండనివ్వండి."

"కొయ్యని చెవులతో పోటీ రింగులోకి పోతే మనల్ని ఎవరు చూస్తారు?"

"చూడకపోతే పోనివ్వండి. అవి దానికి వినడానికిచ్చిన చెవులు గాని, మనకి కప్పులు తేవడానికి కాదుగా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఇక నాకు మూడిందనుకుని ఖాళీ గిన్నె ఏదైనా ఉందా అని వెతుక్కున్నాను, కడగడానికి. కాని ఆవిడ చూపు అప్పటికే చేట మీదికి మళ్లింది. అది పాలగిన్నెలో మూతి పెట్టింది. మూతితో పాటు చెవులు కూడా పాలలో పడ్డాయి. అత్తయ్య నడుం పట్టుకుని వంగి, ఆ రెండు చెవుల్నీ చెరో చేత్తో పైకెత్తి పట్టుకుంది. అది గిన్నె నాకేదాకా అలాగే వంగి ఉంది. నడుం నొప్పితో మంచం దిగడానికే అమ్మో అనే మనిషి.

"ఇంకా నాలుగు వారాలుంది కదా," అంది చివరికి. "చూద్దాం."

చూద్దాం అన్న మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ జాతి పిల్లలకు పుట్టిన మూడో రోజునే తోక తీయించేస్తారు. ఈసారి ఆవిడ డాక్టరుకి ఫోనే చెయ్యలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోయే మనిషి కాదని తెలిసీ అనుకున్నాను. ఆ తోకను చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఆ రోజు నుంచి చేట పాలు తాగేటప్పుడు చెవులు పట్టుకోవడం ఇంట్లో ఒక పనైపోయింది. ఆవిడ దగ్గరుంటే ఆవిడ, లేకపోతే నేను. దానికి కూడా ఆవిడ పెట్టిన పేరు "చెవులు" అనే. ఆ మాట వినబడితే దూది తియ్యాలో, వెళ్లి చేట చెవులు పట్టుకోవాలో ఆవిడ మొహం చూసి కనుక్కునేదాన్ని.

మరుసటి వారం అత్తయ్య షెడ్డులో పడిపోయింది. నేను వెళ్లేసరికి చేతిలో నీళ్ల పైపు అలాగే ఉంది, నీళ్లు ఆవిడ చీర కిందినుంచి పారుతున్నాయి. కుక్కలు ఒక్కటి కూడా మొరగడం లేదు. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. దాంతో పాటు మాట పోయింది.

ఆస్పత్రిలో ఆవిడను మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉంచారు. ఉదయం పూట మా ఆయన డ్యూటీకి పోతూ చూసి వెళ్లేవాడు. నాకు ఉదయం షెడ్డు పని తెమిలేది కాదు, సాయంత్రం ఐదింటికి వెళ్లి ఏడింటిదాకా ఉండేదాన్ని. రోజూ పదింటికి మాట నేర్పే థెరపిస్టు ఒకావిడ వస్తుందని నర్సు చెప్పింది. మాటల టీచరు అని మేం పేరు పెట్టుకున్నాం. ఆవిడ వచ్చే వేళకి నేను లేను, నేను వెళ్లే వేళకి ఆవిడ లేదు. మొహం ఎలా ఉంటుందో కూడా తెలీదు.

నేను వెళ్లగానే అత్తయ్య ఎడం చేత్తో నా చెయ్యి లాక్కుని వాసన చూసేది. చేట వాసన కోసం. నేను కూడా కావాలనే చీర మార్చుకోకుండా వెళ్లేదాన్ని.

ఏదైనా అడిగితే తల ఊపేది గాని, అది నిలువో అడ్డమో పట్టుకోలేకపోయేదాన్ని. కాఫీ కావాలా అంటే అడ్డంగా ఊపేది, ఇస్తే గడగడా తాగేసేది. ఒకరోజు నర్సు నాకు విడమరిచి చెప్పింది.

"తల ఊపడాన్ని నమ్మకండమ్మా. ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారైపోతాయి. ఆవిడేదో అనుకుంటారు, తలేదో ఊపుతుంది. నోట్లోంచి మాటంటూ వస్తే మాత్రం దాన్ని పట్టుకోండి. అది మనసులోంచి వచ్చినట్టే."

ఆ ముక్క నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. ఇంత బాగా గుర్తుపెట్టుకోకుండా ఉంటే బావుండేది.

చేటకు పన్నెండో వారం వచ్చేసింది. మా దగ్గర చెవులు కోసే డాక్టరు ఒక్కడే మిగిలాడు, కొత్త డాక్టర్లు ఎవరూ ఆ పని చెయ్యడం లేదు. ఆ డాక్టరు సోమవారం తనే ఫోన్ చేశాడు. "మీ అత్తగారి పిల్ల సంగతేంటమ్మా? బుధవారం పదింటికైతే చేస్తాను. ఆ తరవాత నేను ఊళ్లో ఉండను, తిరిగొచ్చేసరికి దాని టైము దాటిపోతుంది," అన్నాడు. కనుక్కుని చెప్తానన్నాను. కనుక్కోకుండానే వద్దని చెప్పెయ్యొచ్చు. నా మనసులో ఉన్నదీ అదే. కాని ముప్పయ్యేళ్లు ఆవిడ చేతుల మీదుగా నడిచిన షెడ్డు. ఆవిడ మంచం మీద ఉంది గదా అని ఆవిడ మాటను నా మాట చేసేసుకుంటే అది దొంగతనమే అనిపించింది.

సోమవారం సాయంత్రం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాను. "అత్తయ్యా, చేట చెవులు కోయించాలా, వద్దా? డాక్టరు ఎల్లుండి పదింటికంటున్నాడు. మీరేది చెప్తే అది."

ఆవిడ నన్నే చూస్తూ ఉండిపోయింది. పెదాలు కదిలాయి, ఏం రాలేదు.

"ఇప్పుడు కాకపోతే రేపు చెప్పండి," అన్నాను. వద్దు అనాలని లోపల వెయ్యి దండాలు పెట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మంగళవారం నేను గుమ్మంలో కనబడగానే ఆవిడ లేచి కూర్చోబోయింది. దిండు సర్దాను. చెయ్యి వాసన చూడలేదు ఆ రోజు. స్టూలు చూపించింది, కూర్చున్నాను. నా చేతిని తన ఎడం చేతిలోకి తీసుకుంది. మొహం అంతా ఒక పక్కకు లాగి, మెడ నరాలు లేచేలా బలం కూడదీసుకుంది.

"చె... వి..." అంది.

పదిహేను రోజుల తరవాత మాట.

"చె... వి... కో..."

అక్కడ ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెదవి చివర తడి తుడిచాను.

"కొయ్యాలా? చేట చెవులు కోయించమంటారా?"

తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఊపింది. నాకు నర్సు మాట గుర్తొచ్చింది. తలను కాదు, మాటను పట్టుకోవాలి.

"ఇంకోసారి అనండి అత్తయ్యా."

"చె... వి... కో... కో..."

"సరే. అర్థమైంది. రేపే కోయిస్తాను. మీరు ఆయాసపడకండి."

ఆవిడ నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. ఊ ఊ అని ఏదో చప్పుడు చేసింది, మళ్లీ మళ్లీ తల ఊపింది. సంతోషం పట్టలేక అనుకున్నాను. బయటివాళ్లు వెళ్లిపోవాలని బెల్లు కొట్టారు. ఒక్కొక్క వేలే విడదీసి కొంగు తీసుకుని, మెట్లు దిగి వచ్చేశాను. బస్సులో నాకు ఏడుపొచ్చింది. చేట కోసం. వద్దంటుందనుకున్నాను, అనలేదు. అయినా మాట రాని మనిషి అంత కష్టపడి, నా ముందు, నాతో చెప్పిన మొదటి మాట. దాన్ని కాదనడం నా తరం కాలేదు.

బుధవారం పదింటికి డాక్టరు నీలం పెన్నుతో చేట చెవుల మీద గీత గీశాడు. రెండు చెవుల్నీ దగ్గరపెట్టి కొలుచుకున్నాడు. సూదేసేటప్పుడు అది నా అరచేతిలో మూతి దూర్చింది. ఎప్పుడు భయమేసినా అంతే, నా అరచెయ్యే దానికి ఇల్లు. కళ్లు మూతలు పడుతుంటే తోక రెండుసార్లు బల్లకేసి కొట్టింది. నన్ను బయట కూర్చోమన్నారు. గంటన్నర తరవాత ఇచ్చినప్పుడు దాని తల ఇంతే ఉంది. చెవులుండాల్సిన చోట పైకి నిలబెట్టిన రెండు తెల్లటి కట్లు.

మత్తు దిగాక అది ఏడ్చింది. అది ఏడవడం కంటే, ఏడుస్తూ నా ఒళ్లో దూరడం భరించలేకపోయాను. ఎవరు చేయించారో దానికేం తెలుసు? ఐదు రోజులు ఇల్లు కదల్లేదు. కాలెత్తి కట్టు గీక్కోబోతే పట్టుకోవాలి, కుట్లు తడవకుండా చూడాలి, మూడో రోజు కట్టు మార్చాలి. ఆ మూడో రోజుతో నా అరచెయ్యి దానికి ఇల్లు కాకుండా పోయింది. ప్లాస్టరు చుట్ట తీసిన చప్పుడైతే చాలు, మంచం కిందికి పోయి మూల నక్కేది.

మా ఆయన మాత్రం ఆస్పత్రికి వెళ్లొస్తూనే ఉన్నాడు. "అమ్మ ఎలా ఉంది?" అంటే "అలాగే ఉంది" అనేవాడు. ఆయన చెప్పే కబుర్లు అంతకంటే పొడుగుండవు.

సోమవారం సాయంత్రం వెళ్లాను. ఫోన్లో చేట ఫొటో తీసుకెళ్లాను, కట్లు కనబడేలా. చెప్పిన పని చేశానని చూపించుకోవాలి గదా. నేను గుమ్మం దాటీ దాటకముందే అత్తయ్య చెయ్యెత్తింది.

"వద్దు," అంది.

స్పష్టంగా అంది. చిలకపలుకులా ఉంది.

"ఏం వద్దు అత్తయ్యా? నేనేం తేలేదు."

"వద్దు. వద్దు."

ఫొటో చూపించాను. ఆవిడ చూసింది. తరవాత ఫోనును ఎడం చేత్తో తోసేసింది, అది మంచం అంచుమీంచి జారి కింద పడింది. "వద్దు... వద్దు... వద్దు," అంటూ ఏడవడం మొదలుపెట్టింది.

నేను కూడా మనిషినే. ఐదు రోజులుగా నిద్ర లేదు. ఆ పిల్ల నన్ను చూసి నక్కుతోంది. చెవులు పొట్టిగా కోయించాననో, కట్టు సరిగ్గా లేదనో ఏదో వంక దొరికిందనుకున్నాను. నోరు జారాను.

"మీరు చెప్పిందే చేశాను. నా మనసు చంపుకుని చేశాను. అయినా మీకు వద్దే. నేనేం చేసినా వద్దే. పదకొండేళ్ల నుంచీ నేనే వద్దేమో మీకు."

ఫోను తీసుకుని వచ్చేశాను. వెనక నుంచి వద్దు వద్దు అని వినబడుతూనే ఉంది, మెట్ల దాకా.

అలిగి రెండు రోజులు వెళ్లలేదు. ఇంట్లో పనుందని మా ఆయనతో అన్నాను. గురువారం పొద్దున షెడ్డు కడుగుతుంటే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మళ్లీ వచ్చిందట, అదే జబ్బు. ఈసారి గట్టిగా వచ్చింది. మేము వెళ్లేసరికి అయిపోయింది.

పది రోజులు గడిచాక ఒకావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కుక్కలు మొరుగుతుంటే గేటు బయటే నిలబడి, చేతిలో కవరు చూపించింది. పొట్టి మనిషి, భుజానికి పెద్ద సంచీ.

"ఆస్పత్రిలో మీ అత్తగారికి మాట నేర్పించింది నేనేనండీ. మీవాళ్ల ఫొటో నా దగ్గరుండిపోయింది, ఇచ్చి వెళ్దామని."

లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కవర్లో మా ఇంటి ఫొటో ఉంది. ఏదో పోటీ తరవాత తీసింది. మధ్యలో అత్తయ్య, కప్పు, పక్కన మా ఆయన. ఒక చివర కుక్క గొలుసు పట్టుకుని నేను, సగం భుజం ఫొటో బయటే.

"మీ అత్తగారు మీకా మాట చెప్పగలిగారా లేదా అని నాకు ఒకటే బెంగ," అందావిడ. "కనుక్కుందామని కూడా వచ్చాను."

"ఏ మాట?"

"మీ వారు మీకు చెప్పలేదా? మొదట్లో ఆయన్ని అడిగాను, మీ అమ్మగారి నోట్లో ఎప్పుడూ నలిగే మాటేదైనా ఉందా అని. కొత్త మాటల కంటే అలవాటైన మాట తొందరగా తిరిగొస్తుంది. చెవి కోసుకుంటాను అంటుందండీ అన్నారు. సరే, దేనికి కోసుకుంటారమ్మా అని ఆయన తెచ్చిచ్చిన ఈ ఫొటో ముందు పెట్టాను. వేలు కుక్క మీద పెట్టారు. కుక్కంటేనా అంటే, కాదని వేలు ఇలా జరిపారు. జరిపి మీ మీద పెట్టారు. నాకు అనుమానమొచ్చి మూడు రోజులు వరసగా అడిగాను. మూడు రోజులూ మీ మీదే."

ఆవిడ సంచీలోంచి గళ్ల నోటుపుస్తకం తీసి తెరిచింది. పైన తేదీ, కింద గుండ్రటి పెద్ద అక్షరాలు. 'కోడలంటే చెవి కోసుకుంటాను.'

"కోడలు ఎదురుగానే ఉంటుంది కదా, కోడలంటే అనక్కర్లేదులెండి, చెవి దగ్గర్నుంచే మొదలెడదామన్నాను. చె, వి, కో. మూడక్షరాలు వచ్చాయి. మిగతావి నెమ్మదిగా నేర్చుకుని మొత్తం ఒకేసారి చెబుదురుగాని అన్నాను. ఆవిడ ఆగలేదనుకుంటా. మంగళవారం వెళ్లేసరికి తెగ ఆత్రంగా ఉన్నారు, ఈ సాయంత్రమే చెప్పేస్తానని ఒకటే సైగలు."

"బుధవారం?" అన్నాను.

ఆవిడ పేజీ తిప్పింది. "బుధవారం ఏమైందో తెలీదు. పదింటికి నేను వెళ్లేసరికి ఏడుస్తున్నారు. ఈ వాక్యం చూపిస్తే పుస్తకం తోసేశారు. తల అడ్డంగా ఊపడం, తలుపు వైపు చూడటం, అదే పని. ఏం కావాలో నాకు అర్థం కాలేదండీ. ఇంతలా ఊపుతున్నారు కదా, పోనీ ఆ మాటే నేర్పిద్దామని వద్దు అని రాసి చూపించాను. వెంటనే గట్టిగా పట్టుకున్నారు. అంత పట్టుదలగా ఏ పేషెంటూ నేర్చుకోలేదు. గంటసేపని వెళ్లేదాన్ని, నన్ను వదిలేవాళ్లు కాదు. నాలుగు రోజుల్లో తెచ్చేసుకున్నారు."

నాలుగు పేజీలు. నాలుగు పేజీల్లోనూ వద్దు, వద్దు, వద్దు అని వరసలు. సరిగ్గా పలికినప్పుడల్లా పక్కన చిన్న టిక్కు. బుధవారం పేజీలో టిక్కులు లేవు. ఆవిడ మొదటి వద్దు కోసం నోరు తిప్పుకుంటున్న వేళకి డాక్టరు నీలం పెన్ను మూత తీస్తున్నాడు.

"చెప్పారా అండీ మరి?" అంది మాటల టీచరు. "మీరంటే చెవి కోసుకుంటానని."

"చెప్పింది," అన్నాను. "నేనే కోయించేశాను."

ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఓపిక లేదు. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని, నోటుపుస్తకం బల్ల మీద ఉంచేసి వెళ్లింది.

మా ఆయన వచ్చాక అడిగాను. "మాటల టీచరు మీ అమ్మ అలవాటు మాటేమిటని అడిగిందా?"

"అడిగింది. చెప్పాను." బూట్లు విప్పుకుంటూ ఆగాడు. "నీకు చెప్పలేదా నేను?"

ఇంకో రోజైతే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. అరవడానికి నాకు మొహమేది? ఆయన ఒక మాట చేర్చలేదు. నాకు చేరిన మాటను నేనేం చేశాను? పదకొండేళ్లు ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుని, తీరా అది వస్తే పని అనుకున్నాను. ఆవిడ నోరు తెరిస్తే నా చెయ్యి కత్తెర మీదికే పోయింది.

ఆ సాయంత్రం చేటకు కట్లు మార్చాల్సిన రోజు. మార్చలేదు. ప్లాస్టరు మెల్లగా ఊడదీసి పారేశాను. నిలబడితే నిలబడతాయి, లేకపోతే లేదు. ఒకటి నిలబడింది, రెండోది సగంలో వంగింది. చేటలు కావవి, ఆ పేరుతో పిలవడానికి కూడా నోరు రావడం లేదు. గిన్నెలో పాలు పోసి పెట్టాను. అది వచ్చి మూతి పెట్టింది.

అలవాటు కొద్దీ నేను వంగి రెండు చేతులూ దాని తల దగ్గరికి చాచాను, చెవులు పాలలో పడకుండా పట్టుకుందామని. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. నా చేతుల్ని చూసి అది పాలు వదిలేసింది. వెనక్కి వెనక్కి పోయి గోడకు ఆనుకుని నిలబడింది.

"వద్దులే," అన్నాను. "ముట్టుకోనులే. తాగు."

నేను గుమ్మం దాటి అవతల కూర్చునేదాకా అది గిన్నె దగ్గరికి రాలేదు.